లాల్ ఇమ్లీ కంబళి: కాన్పూర్ ఉన్ని మిల్లు సంగతి తెలిసినవారు చెప్పండి

వంటింటి కిటికీ
శుక్రవారం, రాత్రి 9:12

నమస్కారం. మాది విజయవాడ. మా నాన్నగారు 1964 నుంచి 1979 వరకు కాన్పూర్‌లో రక్షణ శాఖ కర్మాగారంలో పనిచేశారు. నేను పుట్టింది అక్కడే గానీ, ఊరు వదిలేనాటికి నాకు ఆరేళ్లు. పొగమంచు, బొగ్గుల కుంపటి, మేడ మీద కోతులు తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

ఈ మధ్య నాన్నగారి సంవత్సరీకం అయ్యాక అమ్మ ఇనప్పెట్టె తెరిచింది. అడుగున, పాత గళ్ల దుప్పటిలో చుట్టి, ఒక కంబళి ఉంది. బూడిద రంగు, రెండు కొసల్లోనూ ఎర్ర చార. బియ్యం తూచుకునే కాటా మీద వేస్తే రెండున్నర కిలోలు తూగింది. మూలన కుట్టిన పట్టీ మీద సగం చెరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో పేరు: లాల్ ఇమ్లీ.

నాకు రెండు చిక్కులు. ఒకటి, పురుగు కొట్టింది. కందిగింజంత చిల్లులు మూడు. రెండోది, మా తమ్ముడికీ అదే కావాలి. "చెరి సగం చేసుకుందాం అక్కా" అంటున్నాడు. కత్తెర పెడితే దారాలు ఊడిపోయి రెండు ముక్కలూ పాడవుతాయని అమ్మ భయం. ఇది ఎలాంటి నేత? ఆ మిల్లు ఇంకా ఉందా? ఉన్ని మిల్లుకు ఎర్ర చింతకాయ అని పేరు పెట్టడం ఏమిటి?

పాత రైలుబండి
శుక్రవారం, రాత్రి 10:05

అమ్మా, ఆ పేరు చూడగానే ప్రాణం లేచి వచ్చింది. నేను 1971లో చదువుకోవడానికి కాన్పూర్ వెళ్లి, అక్కడే ఉద్యోగం దొరికి, పద్దెనిమిదేళ్లు ఉన్నాను. కాన్పూర్‌లో రిక్షా ఎక్కి "లాల్ ఇమ్లీ" అంటే చాలు, మిల్లు ముందున్న కూడలిలో దింపేవాడు. ఎర్ర ఇటుకల భవనాలు, రోడ్డు పొడుగునా గోడ, అన్నిటికీ పైన గడియారపు బురుజు. లండన్ గడియారాన్ని చూసి కట్టారని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. చేతికి గడియారం లేని రోజుల్లో నాకు అదే దిక్కు.

మిల్లు 1876లో మొదలైంది. అసలు పేరు కాన్పూర్ వూలెన్ మిల్స్. జార్జ్ అలెన్, డాక్టర్ కాండన్, గావిన్ జోన్స్, ఇంకొందరు దొరలు కలిసి పెట్టారు. ఈ గావిన్ జోన్స్ 1857 సిపాయిల తిరుగుబాటులో ఫతేగఢ్‌లో చావు తప్పించుకుని బయటపడ్డవాడు. ఆ తరవాత సొంత దేశానికి పోకుండా కాన్పూర్‌లోనే ఉండి మిల్లుల మీద మిల్లులు పెట్టించాడు.

కాన్పూరే ఎందుకంటే, అది దండు ఊరు. 1857 తరవాత సైన్యం అక్కడ బాగా పాతుకుంది. 1859కే అలహాబాదు నుంచి రైలు వచ్చింది. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు ఇంగ్లండుకు మన పత్తి కావలసివచ్చి కాన్పూర్ గోదాములు నిండాయి. ఆ ఊపులోనే ఎల్గిన్ మిల్లు పుట్టింది. 1874లో మ్యూర్ మిల్లు వచ్చింది. నూలు అయింది, తోలు అయింది, మిగిలింది ఉన్ని. సిపాయికి బూటు కావాలి, జీను కావాలి, రాత్రికి కంబళి కావాలి. మొదట నేసినవి సైన్యానికి కంబళ్లే. మీ ఇంట్లో ఉన్నది ఆ వంశంలోదే.

పేరు సంగతి. మిల్లు కట్టిన చోట ఎర్ర కాయల చింతచెట్లు ఉండేవట. జనం ఇంగ్లీషు పేరు పలకలేక "లాల్ ఇమ్లీ మిల్లు" అన్నారు, చివరికి కంపెనీవాళ్లే దాన్ని బట్టల మీద వేసుకున్నారు. కాన్పూర్‌లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

మూడో బెర్తు
శుక్రవారం, రాత్రి 10:31

చింతకాయ ఎర్రగా ఉండటం ఏమిటి సార్? చెట్టు మీద గోధుమ రంగు, పులుసులో నల్లుపు. ఎర్రది నేను ఎక్కడా చూడలేదు. కంపెనీవాళ్లు అల్లిన కథేమో.

గొర్రెల మంద
శనివారం, ఉదయం 6:20

మీరు పచ్చి చింతకాయ విరిచి చూడలేదన్నమాట. మామూలు చింతకు లోపల లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఎర్ర చింతకు విరవగానే లోపల దానిమ్మ రంగు. పండేకొద్దీ ఆ ఎరుపు మాసిపోతుంది. అనంతపురం పరిశోధన కేంద్రంవాళ్లు ఎంచి విడుదల చేసిన రకమే ఉంది, పేరు అనంత రుధిర. పేరులోనే రక్తం ఉంది, ఇంకేం కావాలి?

మాది నారాయణపేట వైపు. కురుమ ఇల్లు. మా తాత గొంగళ్లు నేసేవాడు. ఉన్నికీ చింతకూ చుట్టరికం మాకు కొత్త కాదు. పడుగుకు గంజి పెట్టేది చింతగింజలతోనే. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే జిగురు వస్తుంది. పడుగు వీధి పొడుగునా సాగదీసి, ఆ జిగురును కుంచెతో పట్టిస్తూ దువ్వేవారు. ముతక ఉన్ని దారానికి పోగులు లేచి ఉంటాయి, గంజి లేకపోతే అడ్డదారం మోసే నాడె ఆడదు. గంజి పెట్టేరోజు వీధంతా పుల్లటి, మాడిన వాసన. పిల్లలం పడుగు కింద నుంచి దూరి పరుగెత్తితే తాత కుంచె విసిరేవాడు.

కాన్పూర్ మిల్లుకు చింత పేరు వచ్చిందంటే నాకేమీ వింతగా లేదు. మాకు పని నుంచి వచ్చింది, వాళ్లకు నీడ నుంచి వచ్చింది, అంతే తేడా.

పడుగూ పేకా
శనివారం, ఉదయం 8:45

నేత సాంకేతిక విద్య చెప్పి రిటైరయ్యాను. కిటికీ గారి అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను మొదలుపెడతాను.

ఉన్ని బట్టలో రెండు జాతులు. పొడుగు పోగులను దువ్వి, చదును చేసి, నున్నగా వడికితే వచ్చేది సూటు గుడ్డ. దాన్ని వర్‌స్టెడ్ అంటారు. పొట్టి పోగులను ఏకి, చిందరవందరగా ఉన్నవాటిని అలాగే మెత్తగా వడికితే వచ్చేది కంబళి జాతి. మీది రెండోది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కంబళి మగ్గం మీద తయారు కాదు. మగ్గం నుంచి దిగినప్పుడు అది గోనెపట్టాలా, కన్నాలు కన్నాలుగా, కావలసినదానికంటే చాలా వెడల్పుగా ఉంటుంది. దాన్ని సబ్బునీళ్లలో తడిపి, మరల్లో వేసి గంటల తరబడి కుమ్ముతారు. ఉన్ని పోగును భూతద్దంలో చూస్తే చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి. తడి, వేడి, తొక్కుడు తగిలేసరికి ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, మళ్లీ విడిపోవు. బట్ట అన్ని వైపులా కుదించుకుపోయి మందం కడుతుంది. ఎంత తొక్కితే అంత చిక్కన. ఆ తరవాత ముళ్ల రోలర్ల మీద నడిపి పైన నూగు లేపుతారు. అప్పుడు దారాలు కనిపించవు, నూగు ఒక్కటే కనిపిస్తుంది.

అందుకని, కిటికీ గారూ, ఒక పరీక్ష చేయండి. కంబళి అంచును పగటి వెలుతురులో పట్టుకుని, గోటితో ఒక దారం కొస పట్టి లాగండి. సులభంగా జారి వస్తే కత్తెర మాట మరిచిపోండి. రాకుండా, చుట్టుపక్కల నూగుతో సహా గుంజుకుంటే, అది బాగా తొక్కిన గుడ్డ. కోసినా ఊడదు.

వంటింటి కిటికీ
శనివారం, ఉదయం 11:02

లాగాను. రాలేదు. గోరు విరిగింది.

పడుగూ పేకా
శనివారం, ఉదయం 11:10

అయితే కాన్పూర్‌వాళ్లు పని సరిగ్గా చేశారు.

అబర్దీన్ చలి
శనివారం, మధ్యాహ్నం 2:40

నేను చమురు కంపెనీ ఉద్యోగం మీద స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ మాట్లాడుకుంటున్న మిల్లుతో మా ఊరికి గట్టి సంబంధం ఉంది. మీలో చాలామంది వినని సంగతి కాబట్టి కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

అలెగ్జాండర్ మెక్‌రాబర్ట్ 1854లో అబర్దీన్‌లో పుట్టాడు. పేద ఇల్లు. పన్నెండేళ్లకు బడి మానేసి స్టోనీవుడ్ కాగితపు మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. రాత్రిళ్లు చదువుకున్నాడు. రసాయన శాస్త్రం పాఠాలు చెప్పేదాకా వచ్చాడు. 1884లో కాన్పూర్ వూలెన్ మిల్స్‌కు మేనేజరుగా ఓడ ఎక్కాడు. ముప్పై ఆరేళ్ల తరవాత, 1920లో, ఆరు కంపెనీలను ఒకే గొడుగు కిందికి తెచ్చి బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ పెట్టాడు. అందులో మన లాల్ ఇమ్లీ ఉంది, పంజాబ్‌లో ధారీవాల్ ఉన్ని మిల్లు ఉంది, బూట్లు కుట్టే కూపర్ అలెన్ ఉంది, ఒక తోళ్ల కర్మాగారం, ఒక నూలు మిల్లు, ఒక ఇంజనీరింగ్ కంపెనీ కూడా. సిపాయిని నెత్తి నుంచి కాలిదాకా కప్పగల సరుకు! 1922లో బారొనెట్ బిరుదు వచ్చింది, అదే ఏడు చనిపోయాడు. కాన్పూర్‌లో మెక్‌రాబర్ట్‌గంజ్ అనే కార్మికవాడ ఆయన పేరు మీదదే. మొదటి భార్య జార్జీనా పేరు మీద అక్కడ ఆసుపత్రి ఉంది.

రెండో భార్య రేచల్. భూగర్భ శాస్త్రవేత్త. ఈవిడ తల్లి ఫానీ బుల్లక్ వర్క్‌మన్, హిమాలయాల్లో పొడుగు గౌనుతోనే కొండలెక్కిన మనిషి. రేచల్‌కు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు 1938లో విమాన ప్రమాదంలో పోయాడు. రెండోవాడు 1941 మేలో ఇరాక్‌లో యుద్ధ విమానం నడుపుతూ పోయాడు. మూడోవాడు ఆ తరవాతి నెలలోనే సముద్రం మీద గల్లంతయ్యాడు. ఆమె ఏం చేసిందంటే, 25,000 పౌన్లు బ్రిటిష్ వైమానిక దళానికి పంపి ఒక బాంబర్ విమానం కొనమంది. దాని ముక్కు మీద "మెక్‌రాబర్ట్ జవాబు" అని రాయించారు. మరుసటి ఏడు మరో 20,000 ఇచ్చి నాలుగు యుద్ధ విమానాలు. మూడింటికి కొడుకుల పేర్లు.

వాళ్ల ఇల్లు ఇక్కడికి గంట ప్రయాణంలో, టార్లండ్ అనే పల్లె దగ్గర ఉంది. ఇప్పుడు హోటలు. తోటలో టీ తాగుతూ నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఈ పచ్చిక, ఈ రాతి ఇల్లు, ఆ విమానాలు, వీటిలో కాన్పూర్ పొగ ఎంత ఉందో లెక్క కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ తల్లి దుఃఖాన్ని తక్కువ చేయడం లేదు. కొడుకుల ఫోటోల ముందు నిలబడితే గొంతు పట్టేసింది. కానీ ఏకుడు గదుల్లో ఉన్ని ధూళి పీల్చినవాళ్ల ఫోటోలు ఏ గోడ మీదా లేవు.

పాత రైలుబండి
శనివారం, సాయంత్రం 5:15

నాయనా, చాలా బాగా రాశావు. మెక్‌రాబర్ట్‌గంజ్‌లో మా స్నేహితుడు ఒకడు ఉండేవాడు. ఒకే గది, ముందు వరండా. వాళ్ల నాన్న రంగుల విభాగంలో పని. ఎప్పుడు చూసినా ఆయన చేతుల గోళ్లు నీలంగానో, ఆకుపచ్చగానో ఉండేవి. గోళ్లు చూసి ఈ వారం మిల్లులో ఏ రంగు నడుస్తోందో చెప్పేవాళ్లం. కోడలికి కాన్పు అయినప్పుడు బిడ్డను ఎత్తుకోవడానికి ఆయన మొహమాటపడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

లాల్ ఇమ్లీలో కంబళ్లే కాదు, శాలువలు, సూటు గుడ్డలు కూడా నేసేవారు. అక్కడ ఆ శాలువను లోయీ అంటారు, మగవాళ్లు చలికాలంలో కప్పుకునే పల్చటి ఉన్ని శాలువ. పెళ్లిలో అల్లుడికి లాల్ ఇమ్లీ లోయీ పెట్టకపోతే ఆ పెళ్లి గురించి పదేళ్లు చెప్పుకునేవారు.

హిందూపురం దారి
శనివారం, సాయంత్రం 6:30

మా వైపు ఎవరికీ లాల్ ఇమ్లీ తెలియదు. మాకు కంబళి అంటే బెంగుళూరే. బెంగుళూరు వూలెన్, కాటన్ అండ్ సిల్క్ మిల్స్, 1884లో పెట్టింది, తరవాత బిన్నీ చేతికి వచ్చింది. మా పెద్దమ్మ ఎర్ర కంబళిని "బిన్నీ" అనే పిలిచేది, అది కంపెనీ పేరని ఆమెకు తెలియదు. "బిన్నీ తీసుకురా, చలేస్తోంది" అనేది. ఆ మిల్లూ ఇప్పుడు లేదు, అక్కడ అపార్టుమెంట్లు లేచాయి.

మూడో బెర్తు
శనివారం, రాత్రి 8:50

నేను కాన్పూర్‌లోనే చదువుతున్నాను, రెండో సంవత్సరం. నిన్న ఇది చదివాక ఊరుకోలేక ఇవాళ వెళ్లి చూశాను. ఆటో అతను ఇప్పటికీ "లాల్ ఇమ్లీ చౌరాహా" అనే అంటున్నాడు. గేటు మూసి ఉంది. లోపలికి వెళ్లనివ్వలేదు, ఫోటో తీస్తే కూడా కాపలా అతను చేయి ఊపాడు. ఎర్ర ఇటుకల మధ్యలో సున్నం రాలి, కిటికీ అద్దాలు చాలావరకు పోయి, పావురాలు. రావి మొక్క ఒకటి రెండో అంతస్తు గోడలోంచి బయటికి వచ్చి, దానికదే బాల్కనీలా నిలబడింది. బురుజు మాత్రం నిటారుగా ఉంది.

చింతచెట్టు ఏదని కాపలా అతన్ని అడిగాను. రోడ్డు అవతల టీ బండి చూపించి "అక్కడ చింతపండు చట్నీ దొరుకుతుంది" అన్నాడు. కాన్పూర్‌వాళ్లతో పెట్టుకోకూడదని నాకు మొదటి వారమే తెలిసింది.

ఒక సందేహం. ఇంత పెద్ద మిల్లు, ఇంత పేరు, ఎలా మూతపడింది?

లెక్కల పుస్తకం
శనివారం, రాత్రి 9:40

నేను బీమా సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. మా ఉద్యోగాల్లో చేరిన ప్రతివాడికీ ఒక కథ చెప్పేవారు, అందులో మీ మిల్లు కూడా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక దొరలు వాటాలు అమ్ముకుని వెళ్లిపోతున్న రోజులు. హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారి, మొదట విద్యుద్దీపాలు అమ్మేవాడు, ఇలాంటి ఇంగ్లీషు కంపెనీలను ఒక్కొక్కటే చేజిక్కించుకున్నాడు. బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ అందులో ఒకటి. అతని పరిస్థితి తలకిందులవుతున్న సమయంలో, 1957లో, అప్పుడే పుట్టిన జీవిత బీమా సంస్థ అతనికి చెందిన ఆరు కంపెనీల వాటాలు కోటీ ఇరవై లక్షల రూపాయలకు పైగా పెట్టి కొన్నది. సంస్థలోని పెట్టుబడుల సంఘాన్ని అడగకుండానే. ఆ ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ, సొంత మామగారు నెహ్రూ ప్రభుత్వాన్నే, లోక్‌సభలో నిలదీశారు. జస్టిస్ చాగ్లా విచారణ బహిరంగంగా జరిగింది. జనం పట్టక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఆ ఆరు పేర్లలో లాల్ ఇమ్లీ తల్లి కంపెనీ ఉంది. మంత్రి పోయాడు, ముంద్రా జైలుకు పోయాడు. మిల్లు సంగతి ఎవరూ అడగలేదు. దేశంలో అందరూ ఆ వాటాల ధర గురించి మాట్లాడారు, ఆ వాటాల వెనక మరలు తిరుగుతున్నాయని, వాటికి కొత్త బేరింగులు కావాలని ఒక్కరికీ తట్టలేదు. ఇది నా కోపం. చరిత్రకారులు వేరేలా అంటారేమో.

1981లో పార్లమెంటు చట్టం చేసి కార్పొరేషన్ వాటాలన్నీ కేంద్రం తీసుకుంది. 1992లో ఖాయిలా పరిశ్రమల బోర్డుకు వెళ్లింది. అక్కడి నుంచి పునరుద్ధరణ పథకం, దాని మీద ఇంకో పథకం. స్థలం అమ్మి ఆ డబ్బుతో మరలు కొంటామన్నారు. వేసిన గొంగళి వేసినచోటే. గత దశాబ్దంలో మగ్గాలు పూర్తిగా ఆగిపోయాయి. జీతాల బకాయిల కోసం కార్మికులు గేటు ముందు కూర్చున్న వార్తలు మాత్రం ఆగలేదు.

పాత రైలుబండి
ఆదివారం, ఉదయం 7:00

లెక్కల పుస్తకం గారు తప్పంతా ఢిల్లీ మీద వేశారు. సగం నిజమే. కానీ నేను చూసింది వేరు. నేను వెళ్లినప్పుడు బజారులో టెరిలీన్, అక్రిలిక్ వచ్చేశాయి. లూధియానా స్వెటర్లు సగం ధరకే. పానిపట్టులో పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ దారం తీసి కంబళ్లు నేస్తున్నారు, బరువు అంతే, ధర నాలుగోవంతు. వరద వచ్చినా, భూకంపం వచ్చినా ప్రభుత్వాలు పంచేది ఆ కంబళ్లే. లాల్ ఇమ్లీ కంబళి ముప్పై ఏళ్లు మన్నుతుంది. ముప్పై ఏళ్లు మన్నే సరుకు అమ్మేవాడికి మళ్లీ కొనేవాడు ఎప్పుడు వస్తాడు?

పడుగూ పేకా
ఆదివారం, ఉదయం 9:25

ఇద్దరి మాటా వింటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంది. మూలం ఇంకా వెనక ఉంది.

ఆ మిల్లు బజారు కోసం పుట్టలేదు. సైన్యం కోసం పుట్టింది. సైన్యం ఆర్డరు అంటే బరువు ఇంత, కొలత ఇంత, రంగు ఇది. యుద్ధం వస్తే మూడు షిఫ్టులు, శాంతి వస్తే గోదాము నిండా సరుకు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు మిల్లుకు బజారు వాసన పట్టదు. ఇంట్లో ఆడవాళ్లకు ఏ రంగు నచ్చుతుందో, పల్చటి ఉన్నికి ఇప్పుడు గిరాకీ ఉందో లేదో తెలుసుకోవలసిన అవసరం రాదు. లోయీలు, శాలువలు పక్క దుకాణం లాంటివి, వాటికి పేరు వచ్చింది గానీ మిల్లు పొట్ట నింపింది అవి కావు. 1981 తరవాత కొనేదీ ప్రభుత్వమే, యజమానీ ప్రభుత్వమే. సరుకు ఆలస్యమైతే గద్దించేవాడు లేడు, ఆర్డరు రాకపోతే మొరపెట్టుకునేవాడు లేడు. అన్నదమ్ములు ఒకరికొకరు అప్పు పెట్టినట్టు.

ధారీవాల్ చూడండి. 1880లో పెట్టిన మిల్లు, కాలువ నీటితో మరలు తిప్పిన చోటు, కాన్పూర్ కంటే చలి ఎక్కువ, ఉన్ని దగ్గర. అదీ ఇదే దారి పట్టింది. ఊరు వేరైనా జాతకం ఒకటే కాబట్టి.

లెక్కల పుస్తకం
ఆదివారం, ఉదయం 10:10

గద్దించేవాడు లేడన్నారే, అది ఒప్పుకుంటాను. అయినా మరలు మార్చకపోవడం మరలు మార్చకపోవడమే. ఎవరి సొమ్మయినా.

పాత రైలుబండి
ఆదివారం, ఉదయం 10:22

కార్మికులదేమీ తప్పు లేదని కూడా ఎవరైనా అనండి. కాన్పూర్ అంటే సమ్మెలకు పుట్టిల్లు. 1925 డిసెంబరులో కమ్యూనిస్టుల సభ జరిగిన ఊరు. 1955లో నూలు మిల్లుల సమ్మె ఎనభై రోజులు నడిచింది. అవన్నీ చేసినవాళ్ల పిల్లలే ఇప్పుడు బకాయిల కోసం చేతులు జోడిస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పర్యవేక్షణ
ఆదివారం, ఉదయం 10:40

సమ్మెల మీద విడిగా ఒక చర్చ ప్రారంభించుకోండి. కోతుల గురించి వచ్చిన పదకొండు సందేశాలు ఇక్కడి నుంచి వేరే చోటికి మార్చాను. కిటికీ గారి చిల్లుల సంగతి ఇంకా తేలలేదు.

గొర్రెల మంద
ఆదివారం, మధ్యాహ్నం 1:15

చిల్లుల సంగతి నేను చెబుతాను, దానికి ముందు ఒక మాట.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, కోటీ తొంభై లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్. ఇంత మంద ఉండి మనకు ఉన్ని మిల్లు ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను, ఎవరూ అడగలేదు. ఎందుకంటే వాటిలో ఎక్కువ భాగానికి ఉన్ని లేదు, వెంట్రుకలే. నెల్లూరు జాతి మాంసానికి బాగుంటుంది, పొడుగ్గా, బరువుగా పెరుగుతుంది. మా నల్ల దక్కనీ గొర్రె పొట్టిది, ముతక ఉన్నిది. మాంసం ధర చూసి అందరూ నెల్లూరు పొట్టేలును మందలో కలిపారు. రెండు తరాల్లో ఉన్ని పోయింది. మిగిలిన దక్కనీకి ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తే, కత్తిరించినవాడి కూలి కూడా రాదు. ఉన్ని చెట్ల కింద పారబోసిన రోజులు ఉన్నాయి. మా తాత చూసి ఉంటే కుంచె విసిరేవాడు.

మిల్లు ఒక కొసన పోయింది, మగ్గం ఇంకో కొసన పోయింది. మిల్లుకు లాగా మా మగ్గానికి ఏ ఖాయిలా బోర్డూ లేదు, అదొక సుఖం.

ఇక చిల్లులు. అమ్మా, సూదీదారంతో రఫ్ఫు చేయించకండి. మా పట్టణంలో ఒక దుకాణంలో ఇస్తే నైలాన్ దారంతో కుట్టారు, చుట్టూ ముడతలు పడి గొంగడి పుండు మానినట్టు తయారైంది. మొదట కంబళిని రెండు రోజులు మంచి ఎండలో వేసి దులపండి, మడతల్లో గుడ్లు ఉంటాయి. తరవాత దాని నూగే దువ్వెనతో మెల్లగా దువ్వి ఒక పిడికెడు పోగు చేయండి. ఆ ఉన్నిని చిల్లులో పెట్టి, కింద మందపాటి గుడ్డ వేసి, గరుకు సూదితో పైనుంచి కిందికి పొడుస్తూ ఉండండి. గంట పట్టవచ్చు. పడుగూ పేకా గారు చెప్పిన పొలుసులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. చివర గోరువెచ్చని సబ్బునీళ్ల చుక్క వేసి వేలితో రుద్దండి. ఆరాక చూడండి.

పడుగూ పేకా
ఆదివారం, మధ్యాహ్నం 1:40

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇది నాకు తట్టలేదు. మిల్లులో మర చేసిన పనే, వేలితో.

అబర్దీన్ చలి
ఆదివారం, సాయంత్రం 4:00

ఒక ఉపాయం. కోసేటప్పుడు చార ఉన్న కొసలు ఇద్దరికీ చెరొకటి వచ్చేలా అడ్డంగా కోయండి. నిలువుగా కోస్తే ఇద్దరికీ సగం సగం చారలు వచ్చి, రెండూ కండువాల్లా కనిపిస్తాయి.

వంటింటి కిటికీ
తరవాతి ఆదివారం, రాత్రి 8:30

అందరికీ వందనాలు. ఈ వారం రోజులు మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించాను. విమానాలు కొన్న తల్లి దగ్గర అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "పాపం, ముగ్గురూనా" అంది.

మెక్‌రాబర్ట్‌గంజ్ అనగానే ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఈ కంబళి నాన్నగారు దుకాణంలో కొనలేదట. మిల్లులో పనిచేసే ఒకాయన ఇంట్లో పెళ్లికి నాన్నగారు చేబదులు ఇచ్చారట, డబ్బు తిరిగి ఇవ్వలేక ఆయన దీన్ని తెచ్చి ఇచ్చారట. నాన్నగారు వద్దన్నా వినలేదట. కంబళికి ఒక మూల కాలిన మచ్చ కూడా ఉంది, అది మాత్రం నా పని. మూడేళ్లప్పుడు కుంపటి మీదికి లాగానట. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

నిన్న తమ్ముడు వచ్చాడు. నేల మీద పరిచి, మధ్యలో సుద్దతో గీత గీసి, అమ్మ కుట్టుమిషను కత్తెరతో అడ్డంగా కోశాం. నిజంగానే ఒక్క దారం ఊడలేదు. కత్తెర కింద గుడ్డలా కాకుండా మందపాటి అట్టలా తెగింది, చప్పుడు కూడా అలాంటిదే. లాల్ ఇమ్లీ పట్టీ ఉన్న సగం తమ్ముడు తీసుకున్నాడు. కాలిన మచ్చ ఉన్న సగం నాకు వచ్చింది, నాదే కదా.

చిల్లులు మూడూ నా సగంలోనే పడ్డాయి. రెండు పూడ్చాను. పక్కన నిలబడి చూస్తే ఎక్కడో తెలియడం లేదు. మూడోదానికి ఉన్ని చాలలేదు, ఇంకా దువ్వితే కంబళి పల్చబడుతుందని భయం వేసి ఆపాను. గొర్రెల మంద గారూ, మీ దగ్గర నల్లదేనా, బూడిద రంగు కూడా దొరుకుతుందా?

గొర్రెల మంద
తరవాతి ఆదివారం, రాత్రి 9:05

ముసలి గొర్రెలవి బూడిద రంగుకు తిరుగుతాయి. ఒక గుప్పెడు ఉంచాను. చిరునామా విడిగా పంపండి. కడిగి పంపుతాను గానీ కొంచెం మంద వాసన ఉంటుంది, ఎండకు పోతుంది. చింతగింజల గంజి మాత్రం సరదాకైనా పెట్టకండి, ఎలుకలు వస్తాయి.